తోమిన తుపాకి

పోయిన వారం మనం లచ్చన్నను మస్కట్ బౌషర్‌లోని ఆ పెద్దింటి వంటగది గడప మీద, చేతిలో టీ కప్పుతో నిలబెట్టి వచ్చేశాం. ఆ టీ చల్లారిపోయింది. లచ్చన్న మాత్రం కదల్లేదు. కదిలితే ఎటు కదలాలో తెలియాలి కదా!

ముందు గదిలో అజీజా మేడమ్ అరుస్తోంది. అరుపంతా దానిష్ మీద. దానిష్ షూటింగ్ క్లబ్బులో తుపాకులు బాగుచేసే, పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ మనిషి. నెలకోసారి వచ్చి ఈ ఇంటి యజమాని రివాల్వర్లకు నూనె పెట్టి పోతుంటాడు. ఇవాళ శుక్రవారం నమాజు అయ్యాక, నాలుగేళ్ళుగా మూతపడి ఉన్న ఒక చెక్కపెట్టెను మేడమ్ తన చేత్తో తెరిచింది. లోపలి రివాల్వర్ తళతళా మెరుస్తోంది. మెరవకూడని చోట మెరుస్తోంది. నా కొడుకు ఆనవాలు తుడిచేశావు, నా మొగుడు చెబితేనే తుడిచావు అని ఆమె దానిష్‌ను కడిగిపారేస్తోంది. తుడిచింది దానిష్ కాదు, లచ్చన్న. ఆ సంగతి లచ్చన్నకు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు.

ఈ ఇంటి గొడవ కొత్తగా వింటున్నవాళ్ళకు కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. లచ్చన్న 'అర్బాబ్' అని పిలుచుకునే యజమాని పేరు ఖల్ఫాన్. సైన్యంలో పెద్ద హోదాలో చేసి దిగినవాడు. ఆ హోదా వాళ్ళు కొందరు డేగల్ని పెంచుతారు, కొందరు పాత కార్లు కొంటారు. ఈయనకు రివాల్వర్ల పిచ్చి. అదీ ఏది పడితే అది కాదు. తూటా పెద్దదై ఉండాలి, తుపాకి తేలికై ఉండాలి, కంపెనీ వాడు రెండు మూడు వందలు చేసి ఇక మా వల్ల కాదని మానేసి ఉండాలి. అలాంటివి పదకొండు సంపాదించడానికి ఆయనకు పాతికేళ్ళు పట్టింది. అన్నిటికీ లైసెన్సులున్నాయి, ఒక్కోదానికి చరిత్ర రాసిన కార్డుంది.

ఎలుగుబంటిని పడగొట్టే తూటా, తుపాకి చూస్తే ముప్పావు కిలో లేదు. ఉక్కు తుపాకి అయితే పేల్చినప్పుడు వెనక్కి తన్నే తన్నులో సగం దాని బరువే మింగుతుంది. ఇది ఏమీ మింగదు, మొత్తం తెచ్చి పేల్చినవాడి చేతిలోనే పోస్తుంది. రెండు పేల్చేసరికి బొటనవేలి మొదట్లో చర్మం చిట్లుతుంది. నాలుగు పేల్చేసరికి మోచేయి దాకా తిమ్మిరెక్కుతుంది. అందుకే వీటిని కొన్నవాళ్ళలో చాలామంది అద్దాల బీరువాలో పెట్టి చూసుకుంటారు తప్ప పేల్చరు. అలాంటివాణ్ని ఖల్ఫాన్ మనిషి కింద లెక్కేసేవాడు కాదు. ఆయనది ఒకటే నియమం. కొత్త తుపాకి వచ్చిన రోజు ఆరు తూటాలూ చెయ్యి దించకుండా పేల్చాలి. పేల్చినవాడిదే తుపాకి. తొమ్మిదింటిని ఆయన అట్లాగే తన పేరు చేసుకున్నాడు. పదోదాని కార్డు మీద 'నాలుగు' అని రాసి ఉంటుంది. యాభై ఎనిమిదేళ్ళ మణికట్టు అంతవరకే ఒప్పుకుంది. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు.

పదకొండోది కొడుకు మాజిద్ ఇరవై ఒకటో పుట్టినరోజుకు తెప్పించింది. కొండల మధ్య, వాగు ఒడ్డున, క్లబ్బు వాళ్ళ పాత షూటింగ్ స్థలానికి తండ్రీ కొడుకులు చెరో కారులో వెళ్ళారు. గురి అట్ట ముందు కొడుకును నిలబెట్టాక తండ్రికి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ మలుపు దాటి వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే అట్ట మీద రెండే చిల్లులు. ఆరూ పేల్చానన్నాడు కొడుకు. రెండు పేల్చి మిగతావి వాగులో పారేశావు, నువ్వు అబద్ధాలకోరువి అన్నాడు తండ్రి. మాజిద్ తుపాకి తండ్రి చేతిలో పెట్టి కారెక్కి పోయాడు. పై కొండల్లో వాన పడుతున్నట్టు ఇద్దరికీ తెలియదు. ఇక్కడి వాగులు చెప్పి రావు. కారు మూడో రోజున దొరికింది.

నా కొడుకు అబద్ధమాడడు, తుపాకి చూడు అంది అజీజా ఆ రోజే. అది అంతకుముందు ఎవరూ పేల్చని తుపాకి. తూటాలు కూర్చునే సిలిండర్‌లో పేలిన ప్రతి గదికీ ముందు భాగం మీద ఒక నల్లటి మసి చుట్టు పడుతుంది. ఆరు పేలితే ఆరు చుట్లు, రెండు పేలితే రెండు. చూస్తే తేలిపోతుంది. ఖల్ఫాన్ చూడలేదు. చూడనివ్వలేదు. పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అప్పట్నుంచి మొగుడూ పెళ్ళాలకు ఒకే కప్పు కింద రెండు కాపురాలు. మొన్న ఫిబ్రవరిలో ఆయనకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట ముద్దయిపోయింది. ఆ ముద్దమాట పూర్తిగా అర్థమయ్యేది ఇంట్లో ఒక్క లచ్చన్నకే. భార్యకు కూడా అతనే విప్పి చెప్పాలి. నువ్వు పోయేలోపైనా నా కళ్ళ ముందు ఆ పెట్టె తెరవాలని అజీజా పట్టుబట్టింది. శుక్రవారం తెరుద్దామన్నట్టు ఖల్ఫాన్ తలూపాడు. ఆ శుక్రవారమే ఈ శుక్రవారం.

మసి చుట్ల సంగతి లచ్చన్నకు ఇవాళ, మేడమ్ అరుస్తుంటే, మొదటిసారి తెలిసింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నవాడికి చెప్పింది ఒక్కటే మాట, ఆ పెట్టె ముట్టుకోకు. ఎందుకని అతను అడగలేదు. పెద్దింటి పనివాడికి ఎందుకని అడిగే అలవాటు ఉండదు.

"అన్నయ్యా, అలా కొయ్యబొమ్మలా నిలబడిపోయారేంటండీ!" అంటూ నర్సు దీవెనమ్మ వచ్చింది. నరసాపురం వైపు మనిషి, పక్షవాతం వచ్చినప్పటి నుంచి పగలు డ్యూటీ ఆమెదే. "ముందు గదిలో అయ్యగారికి బీపీ పెరిగిపోతంది. ఏదో అంటన్నారు, నాకు ముక్క అర్థమవట్లేదు. మీరు రండి."

"సిస్టరమ్మా," అన్నాడు లచ్చన్న. "ఆ తుపాకి తోమింది నేనే."

"ఏ తుపాకి?"

"గదే. పెట్టెలది. దసరా నాడు."

దీవెనమ్మ చేతిలోని బీపీ మిషను బల్ల మీద పెట్టేసి, "ప్రభువా!" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఎందుకు చేశారన్నయ్యా?" అంది.

ఎందుకంటే ఏం చెబుతాడు? జగిత్యాల దగ్గర పల్లెలో లచ్చన్న నాయన వడ్రంగి. దసరా వచ్చిందంటే బాడిశ, ఉలి, రంపం, సుత్తి అన్నీ తోమి, కడిగి, పసుపు కుంకుమ పెట్టి వరసగా పేర్చేవాడు. ఒక్క ఉలి బొట్టు లేకుండా మిగిలినా ఆ ఏడాది అది ఇంట్లో ఎవరిదో ఒకరిది నెత్తురు చూస్తదని చెప్పేవాడు. మస్కట్ వచ్చిన కొత్తలో మత్రా బజారులో వెండి, ఇత్తడి సామాన్లకు మెరుగుపెట్టే దుకాణంలో లచ్చన్న ఏడేళ్ళు చేశాడు. దుకాణం మూతపడి రోడ్డున పడ్డప్పుడు ఖల్ఫాన్ తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ప్రతి దసరాకూ అర్బాబ్ నవ్వుతూ చూస్తుండగా రివాల్వర్లను మెత్తటి గుడ్డతో తుడిచి, కింద పరిచిన బట్టకు బొట్టు పెట్టి, దండం పెట్టుకునేవాడు. పోయినేడాది దసరాకు పది తుపాకులకు పూజయింది. పెట్టెలోది ఎప్పట్లాగే మిగిలిపోయింది. నాలుగు నెలలు తిరక్కుండా అర్బాబ్ కుప్పకూలాడు.

లచ్చన్న రెండూ కలిపి చూసుకున్నాడు. తన వల్లే జరిగిందనుకున్నాడు. అర్బాబ్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు తాళాలు తన చేతికొచ్చాయి. ఈసారి దసరాకు, పన్నెండు రోజుల కిందట, పెట్టె తీశాడు. తుపాకి సిలిండర్ ముఖం మీద నల్లగా, గిన్నె అడుగు మాడినట్టు మసి. నాలుగేళ్ళు మురికితో మూలన పడేస్తే ఆయుధానికి కోపం రాదా మరి! ఇత్తడి తోమే పేస్టు తెచ్చాడు. గుడ్డతో పోలేదు, గిన్నెలు తోమే స్టీలు పీచుతో రుద్దాడు. మసి పోయింది, దాని కింద ఉన్న బూడిదరంగు కూడా పోయింది, తెల్లటి లోహం బయటపడింది. దాని ముందు కూర్చుని, తల్లీ, మా అర్బాబ్ చెయ్యి లేవాలె, నోరు తిరగాలె అని మొక్కుకున్నాడు.

ఇంత సంగతీ అతను నాలుగు ముక్కల్లో చెప్పాడు. దీవెనమ్మ కళ్ళొత్తుకుంది.

"ఇప్పుడు నోరు మెదపకండి," అంది. "ఆ దానిష్‌ని క్లబ్బులోంచి తీయించేసి ఇంటికి పంపించేస్తానంటంది ఆవిడ. పంపిచ్చేస్తే గొడవ అణిగిపోద్ది. ఆ దానిష్ పనొచ్చినోడు, ఇంకో దేశంలో బతుకుతాడు. మీకు ఈ వయసులో ఇంకెవరిస్తారు పని? మీరు పోతే అయ్యగారి మాట ఎవరికర్థమవుద్ది? నాకోసం కాదన్నయ్యా, ఆయన కోసమే చెబుతన్నాను."

ఆమె చెప్పింది అబద్ధం కాదు, దుర్మార్గమూ కాదు. అదే కష్టంగా ఉంది. దానిష్ మూడు నెలల కిందటే భార్యనూ ఇద్దరు పిల్లల్నీ తెచ్చుకున్నాడు. పోయిన నెల వచ్చినప్పుడు చిన్నదాని స్కూలు యూనిఫాం ఫొటో లచ్చన్నకు చూపించాడు. లచ్చన్న ఆ ఫొటోను తలచుకోకుండా ఉండాలని చూశాడు. చేతకాలేదు. కప్పు కింద పెట్టి, లుంగీ మీద చేతులు తుడుచుకుని, ముందు గదిలోకి నడిచాడు.

దానిష్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ముఖంలో రక్తం లేదు. "ఊడిపోయింది మురికి కాదు మేడమ్, దాని చర్మం. టైటానియం మీద పూత అది," అంటున్నాడు, ఎన్నోసారో. "చదువు రానివాడు కూడా దాన్ని పీచుతో రుద్దడు. నేనెందుకు రుద్దుతాను? అన్నం పెట్టే విద్య నాకిది."

చదువు రానివాడు కూడా రుద్దడు. ఆ మాట లచ్చన్నకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఖల్ఫాన్ చక్రాల కుర్చీలో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఎవర్నీ సమర్థించడం లేదు, ఎవర్నీ తిట్టడం లేదు. ఆయన ఎదుట బల్ల మీద, నల్ల గుడ్డలో, ఆ రివాల్వర్.

"దానిష్ భాయ్‌ని ఇడిచిపెట్టున్రి మేడమ్," అన్నాడు లచ్చన్న తనకొచ్చిన అరబ్బీలో. "గది నేను తోమిన. అర్బాబ్ చెప్పలే, ఎవ్వలు చెప్పలే. నా అంతట నేనే తోమిన."

అజీజా అతని వైపు చూసింది. మాజిద్‌కు ఏడేళ్ళప్పుడు లచ్చన్న ఈ ఇంటికొచ్చాడు. ఆ పిల్లవాణ్ని భుజం మీద ఎక్కించుకుని ఖురం బీచిలో తిప్పింది ఇతనే. వాగులో కారు దొరికిందన్న రోజున గేటు దగ్గర నేల మీద పడి ఏడ్చిందీ ఇతనే.

"నువ్వా?" అంది.

లచ్చన్న దసరా గురించి చెప్పాడు. ఉలి గురించి, పోయినేడు మిగిలిపోయిన పెట్టె గురించి, అర్బాబ్ పడిపోవడం గురించి చెప్పాడు. చెబుతుంటే తనకే పిచ్చివాడి మాటల్లా వినిపించాయి. సగంలో అరబ్బీ చాలక ఉర్దూలో పడ్డాడు, అదీ చాలక చేతులతో రుద్ది చూపించాడు. "నాకు ఎరుక లేదు మేడమ్. గా మసి మన మాజిద్ బాబుదని ఎరుకుంటే నా చేతులు నరుక్కుందును గని ముట్టకపోదును. ముట్టుకోవద్దన్నది ముట్టుకున్న. నన్ను ఏమన్న జేయున్రి. ఆయన్ని పోనియున్రి."

దానిష్ అతన్ని చూసిన చూపులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది. అజీజా చెయ్యి ఊపింది, పొమ్మన్నట్టు. దానిష్ తన సంచీ తీసుకుని, గడప దాటేటప్పుడు ఆగి, "లచ్చన్ భాయ్," అన్నాడు. తర్వాత వెళ్ళిపోయాడు.

ఒక నిజం చెప్పినందుకు లచ్చన్న ఉద్యోగం పోయినట్టే. అది అతనికి తెలుసు. బట్టలు సర్దుకోమని చెప్పడం ఒక్కటే మిగిలింది. అతను దానికోసమే తలవంచుకుని నిలబడ్డాడు. అజీజా ఆ మాట అనలేదు. దగ్గరికొచ్చింది. సోఫా పట్టుకుని నిలబడింది.

"అయితే నువ్వు చూశావు," అంది. "తుడవకముందు చూశావు కదా. ఎన్ని చుట్లున్నాయి?"

ఈ ప్రశ్న వస్తుందని లచ్చన్న అనుకోలేదు. దోషం ఒప్పుకుంటే అక్కడితో అయిపోతుందనుకున్నాడు, అమాయకుడు. నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో ఇద్దరు మనుషులు దేని కోసం బతికారో, దేనికి భయపడి బతికారో, ఆ లెక్క ఇప్పుడు తన పుర్రెలో తప్ప ఎక్కడా లేదు.

అతనికి తెలుసు. మర్చిపోయే లెక్క కాదు. ఒక్కో చుట్టు పోవడానికి ఒక్కో చెంచాడు పేస్టు పట్టింది. రెండోదానికే వేళ్ళు నొప్పెట్టాయి. నాలుగోదాని దగ్గర లేచి నీళ్ళు తాగి వచ్చాడు. ఆరోది పోయేసరికి పీచు అరిగిపోయింది.

ఆరు. చెబితే ఈ తల్లికి ఊపిరి వస్తుంది. మరి ఆ కుర్చీలో మనిషి? కన్న కొడుకు నిజం చెబితే అబద్ధాలకోరువని తిట్టి వాగులోకి పంపించానన్న సంగతి, సగం శరీరం చచ్చి, నోరు కూడా లేని స్థితిలో, ఆ ముసలాడు ఎలా మోస్తాడు? రెండు అంటే ఆయన బతుకుతాడు. రెండు అంటే మాజిద్ అబద్ధాలకోరు అవుతాడు. కాదనడానికి చనిపోయిన పిల్లవాడు రాడు, తుపాకి మీద ఆనవాలూ లేదు. రెండో, ఆరో. ఏది చెప్పినా ఎవరినో ఒకరిని తన చేత్తో పాతిపెట్టాల్సిందే. భగవంతుడా, ఈ పాపం నా నెత్తినే ఎందుకు పెట్టినవు అని లోలోపల ఏడ్చాడు లచ్చన్న.

అర్బాబ్ కిటికీ మీంచి చూపు తిప్పి అతన్నే చూస్తున్నాడు. ఆ కళ్ళు ఏమడుగుతున్నాయో లచ్చన్నకు అంతుపట్టలేదు. పద్దెనిమిదేళ్ళలో అంతుపట్టకపోవడం ఇదే మొదలు.

"గుర్తు లేదంటావా?" అంది అజీజా. "లేదని మాత్రం అనకు లచ్చన్నా. నీకు దండం పెడతాను."

ఆమె నిజంగానే చేతులెత్తబోయింది. ఆ ఇంటి ఇల్లాలు తనకు చేతులెత్తడం చూడలేక లచ్చన్న నోటి నుంచి మాట దానంతటదే వచ్చేసింది.

"ఆరు, మేడమ్. ఆరున్నయి. ఒక్కటి తక్కువ లేదు."

అజీజా ఏడవలేదు, అరవలేదు. బల్ల మీది రివాల్వర్‌ను గుడ్డతో సహా రెండు చేతుల్లోకి తీసుకుని ఒడిలో పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. "ఆరు," అంది. మళ్ళీ "ఆరు," అంది. "నా బిడ్డ అబద్ధమాడలేదు." తర్వాత వచ్చింది ఏడుపు. నాలుగేళ్ళది ఒక్కసారే వచ్చింది. దీవెనమ్మ పరుగున వచ్చి భుజాలు పట్టుకుంది. ఆమెకు అరబ్బీ పూర్తిగా రాదు, అయినా తానూ ఏడ్చింది.

లచ్చన్న కుర్చీ వైపు చూడటానికి జంకాడు. చూడక తప్పలేదు. అక్కడ ఒక మనిషి కూలిపోతూ కనిపిస్తాడనుకున్నాడు. ఖల్ఫాన్ ముఖంలో ఆశ్చర్యమన్నది లేదు. కుడి కన్ను ఎలాగూ నీరు కారుతూనే ఉంటుంది, ఇప్పుడు ఎడమ కన్ను కూడా కారుతోంది. బాగున్న చెయ్యి ఎత్తి లచ్చన్నను దగ్గరికి పిలిచాడు. లచ్చన్న మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆ వంకర నోటి దగ్గర పెట్టాడు.

ముద్ద ముద్దగా, ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటూ వచ్చాయి మాటలు.

"నాకు... తెలుసు. ఫోను... కట్టేసి... మలుపు దగ్గర... నిలబడ్డాను. ఆరూ... లెక్కపెట్టాను." ఆయన ఆగాడు. పెదవి మీది చొంగను లచ్చన్న అలవాటు కొద్దీ తుడిచాడు. "వాడి చెయ్యి... దిగలేదు. నాది... నాలుగుకే దిగింది. ఓర్వలేకపోయాను."

ఇందాకటిదాకా ఈయన చూడటానికి భయపడ్డాడనుకున్నాడు లచ్చన్న. తెలియక కాదు, తెలిసే తాళం వేశాడు. ఆ మసి చుట్లు ఆరూ ఈయన మీద సాక్షులు. పీచు పెట్టి రుద్ది, బొట్టు పెట్టి, ఈయన కోసం మొక్కి మరీ ఆ సాక్ష్యాన్ని చెరిపేసింది తాను. అభిమానం కొద్దీ ఇన్నేళ్ళు మోసిన మనిషి మీద అసహ్యం పుట్టింది, దాని వెనకే జాలి పుట్టింది.

వెనక నుంచి బట్టల అలికిడి. అజీజా లేచి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి గానీ, నాలుగేళ్ళలో ఆ ముఖం అంత మెత్తగా ఉండటం లచ్చన్న చూడలేదు. ఆమె మొగుడి పక్కన కూర్చుని, పడిపోయిన ఆ కుడిచేతిని తన చేతిలోకి తీసుకుంది.

"ఏమంటున్నాడు లచ్చన్నా?" అంది. "నా బిడ్డను క్షమాపణ అడుగుతున్నాడా? అడిగితే చెప్పు. తెలియక అన్న మాట అది. ఇవాళ నేను క్షమించేస్తాను."

లచ్చన్న అర్బాబ్ ముఖంలోకి చూశాడు. చెప్పు అన్నట్టు ఖల్ఫాన్ మెల్లగా తల ఊపాడు. ఉన్నదున్నట్టు చెప్పు అన్నట్టు, ఇంకోసారి ఊపాడు.